ఈ వారం మెట్లు మా వంతు

అమ్మా,

పనమ్మాయి దొరికిందా అని ఫోన్ చేసినప్పుడల్లా అడుగుతున్నావు కదా. గంట లెక్కన ఇచ్చుకోవాలి, మాకు తూగదు. అయినా ఈ జర్మనీలో, మా స్టుట్‌గార్ట్‌లో మనిల్లు మనం ఊడ్చుకుంటే సరిపోదు, మెట్లు కూడా వంతులవారీగా తుడవాలి. దాన్ని కేర్‌వోఖె అంటారు. ఎవరి వంతైతే ఆ వారం వాళ్ల తలుపుకి ఒక పలక వేలాడుతుంది. ఇది నిన్నమొన్నటిది కాదు. వారం వారం ఎవరింటి పెంట వాళ్లు బయటికి మోయాలని 1492లోనే ఊరి చట్టంలో రాసుకున్నారట. ఇప్పుడు అద్దె కాగితాల్లో ఉంటుంది. చిన్న వంతుకి మన అంతస్తు ముందు జాగా, కిందికి దిగే మెట్లు. పెద్ద వంతుకి సెల్లారు, వాకిట్లో కాలిబాట. ఆదివారం చీపురు చప్పుడైతే కింది వాటా ముసలావిడ తలుపు తీసి మరీ చూస్తుంది. మీ అత్తగారే నయం!

బాత్‌రూమ్ అయితే నీకు అస్సలు నచ్చదు. బకెట్టుడు నీళ్లు కుమ్మరించి తోసేద్దామంటే గచ్చుకి తూమే లేదు. షవర్ దాటి చుక్క పడితే గుడ్డతో అద్దుకోవాల్సిందే.

వంటింట్లో నా ప్రాణానికి చిమ్నీ జాలీ ఒకటి. రోజూ పోపు పెట్టే ఇల్లాయె, నెల తిరక్కుండానే జిడ్డు పసుప్పచ్చగా పేరుకుంటుంది, మధ్యలో చిట్లిన ఆవాలు కూడా. సలసల కాగే నీళ్లలో గిన్నెల సబ్బు వేసి రాత్రంతా నానబెడితే తప్ప వదలదు.

చలికాలంలో ఇంకో తంటా. వంట ఆవిరి, ఆరేసిన బట్టల తేమ వెళ్లే దారిలేక కిటికీ అద్దాలకి చెమట పడుతుంది. అలా వదిలేస్తే మూలల్లో, బీరువా వెనకాల నల్లగా బూజు పడుతుంది. మన సాలెగూడు బూజు కాదు, గోడకే పట్టే బూజు. అందుకని ఎంత చలైనా పొద్దునా సాయంత్రం హీటరు కట్టేసి, కిటికీలన్నీ బార్లా తెరిచి, ఐదు పది నిమిషాలు గాలి ఆడనివ్వాలి. ఆయన రగ్గు కప్పుకుని గొణుగుతూనే ఉంటారు. బీరువా మటుకు గోడకి జానెడు దూరం జరిపించాను.

పండక్కి ఫ్యాన్లు తుడవడానికి నువ్వు స్టూలెక్కకు, తమ్ముణ్ణి ఎక్కించు. పిన్ని వాళ్లబ్బాయి వస్తున్నాడుగా, కుందులు తోమడానికి కాస్త పీతాంబరి పొడి, చింతపండు పంపు. చీపురు వద్దు, కిందటిసారిదే ఇంకా కొత్తగా ఉంది.

నాన్నగారికి నమస్కారాలు.

నీ
బుజ్జి