ఒక్క తన్నుతో హస్తవాసి తేలదు

సంపాదకులకు నమస్కారం.

నేను నరసరావుపేట నుంచి టెక్సస్‌లోని ఫ్రిస్కోలో ఉన్న మా అమ్మాయి ఇంటికి వచ్చి నాలుగు నెలలైంది. మీ పేపరు ఇక్కడ ఫోన్‌లోనే చదువుతున్నాను. మొన్నామధ్య మీ ఆటల పేజీలో అమెరికన్ ఫుట్‌బాల్ కిక్కర్ల మీద చిన్న వ్యాసం వేశారు. ఆఖరి క్షణంలో గోల్ కొట్టినవాడివి ఉక్కు నరాలట, తప్పినవాడికి గుండె జారిందట. మాట నరాల మీదికి వచ్చింది కాబట్టి ఊరుకోలేకపోతున్నాను. ముప్పై మూడేళ్లు ప్రభుత్వ ఆసుపత్రుల్లో స్టాఫ్ నర్సుగా పసిపిల్లల చేతుల్లో నరాలు వెతికినదాన్ని.

వచ్చిన కొత్తలో ఈ ఆట నాకు బొత్తిగా అర్థం కాలేదు. అందరూ ఒకరి మీద ఒకరు పడతారు, విజిల్ ఊదుతారు, మళ్లీ పడతారు. అర్థమైన మొదటి మనిషి కిక్కరే. ఆటంతా గట్టు మీద వలలోకి బంతి తన్నుకుంటూ ఉంటాడు. పిలిస్తే వస్తాడు, ఒక్క తన్ను తన్ని వెళ్లిపోతాడు. ఒకడు బంతిని కాళ్ల మధ్య నుంచి వెనక్కి విసురుతాడు, ఇంకొకడు మోకాలి మీద కూర్చుని దాన్ని పట్టి నేల మీద నిలబెడతాడు, ఇతను పరిగెత్తుకొచ్చి తంతాడు. మొత్తం సెకనున్నర కూడా పట్టదు. స్తంభాల మధ్య ఎడం 18 అడుగుల 6 అంగుళాలు. బంతి ఆ మధ్యలోంచి, 10 అడుగుల ఎత్తున ఉన్న అడ్డకర్ర మీదుగా పోవాలి. పోతే మూడు పాయింట్లు. దీన్నే ఫీల్డ్ గోల్ అంటారు.

సెప్టెంబర్ 14న (2025) డల్లాస్ కౌబాయ్స్‌కీ న్యూయార్క్ జెయింట్స్‌కీ ఆట. మా అల్లుడు నీలం జెర్సీ వేసుకుని సోఫా అంచున కూర్చున్నాడు. పులిహోర చల్లారిపోతున్నా ఎవరూ ముట్టలేదు. ఆఖరి క్షణాల్లో డల్లాస్ మూడు పాయింట్లు వెనకబడి ఉంది. బ్రాండన్ ఆబ్రీ వచ్చి 64 గజాల నుంచి కొట్టి స్కోరు సమం చేశాడు. అదనపు సమయం కూడా అయిపోతుండగా 46 గజాల నుంచి ఇంకొకటి కొట్టి 40-37తో గెలిపించాడు. ఈ ఆబ్రీ ఇక్కడికి పక్కనే ఉన్న ప్లేనోలో పెరిగిన కుర్రాడు. మొదట సాకర్ (మన దగ్గర ఫుట్‌బాల్ అనేది) ఆడాడు, అది కుదరక సాఫ్ట్‌వేర్ ఇంజనీరుగా ఉద్యోగం చేశాడు, ఆ తర్వాత ఈ ఆటలోకి వచ్చాడు. సాఫ్ట్‌వేర్ అనేసరికి మా వీధిలో తెలుగువాళ్లందరికీ అతను సొంత బావమరిదే.

"చూశారా అత్తయ్యా, మనవాడు క్లచ్!" అన్నాడు అల్లుడు. క్లచ్ అంటే నాకు మా ఆయన పాత బజాజ్ స్కూటరే గుర్తొస్తుంది. టెన్షన్‌లో కూడా తడబడకుండా పని పూర్తి చేసేవాణ్ని అలా అంటారని మనవడు చెప్పాడు. మన దగ్గర దీన్ని హస్తవాసి అంటాం, ఇక్కడ కాలివాసి అనాలేమో.

ఈ హస్తవాసి సంగతి నాకు బాగా తెలుసు. ఒక వానాకాలం రాత్రి ఎనిమిది నెలల పాపను తెచ్చారు. వాంతులు, విరేచనాలతో కళ్లు గుంటలు పడిపోయాయి. ఏడిస్తే కన్నీళ్లు రావడం లేదు. కరెంటు లేదు. ఆయా ఒక చేత్తో టార్చి, ఇంకో చేత్తో పాప మణికట్టు పట్టుకుంది. సెలైన్ ఎక్కించడానికి నరంలోకి పెట్టే పసుపు రంగు సన్న గొట్టం, కాన్యులా, తీసుకుని ఎడమ చేతి మీద చూశాను, దొరకలేదు. కుడి చేతికి మారితే ఒక చుక్క రక్తం కనిపించింది, అంతలో నరం చిట్లి చర్మం ఉబ్బింది. తల్లి మొహం వైపు నేను చూడలేదు. ఈలోగా కరెంటు వచ్చింది. పక్క వార్డులో కొత్తగా చేరిన సిస్టర్ వచ్చి పాదం మీద ఒక్క పోటుకే ఎక్కించేసింది. పాప బతికింది. తెల్లారేసరికి వార్డు వార్డంతా ఆ అమ్మాయి హస్తవాసి గురించే. "పెద్ద సిస్టర్ చెయ్యి అంత మంచిది కాదంట" అన్న మాట ఏడాదిపాటు నా వెంట తిరిగింది.

ఆ అమ్మాయి చెయ్యి మంచిదే, కాదనను. కానీ ఆమెకు లైటు ఉంది, నాకు లేదు. ఇంకో సంగతి కూడా ఉంది. నరం దొరకని పిల్లలందరినీ సీనియర్‌ని కదా అని నా దగ్గరికే పంపేవాళ్లు. లెక్క తీస్తే నా తప్పులే ఎక్కువ కనిపిస్తాయి, తేలికవి నా దాకా వచ్చేవే కావు మరి. ఆబ్రీని 64 గజాలకు పంపారు. వేరే జట్టులో అయితే అంత దూరానికి కిక్కర్‌ని లేపనైనా లేపరు. అలాంటివి నాలుగు తప్పితే అతని శాతం, పంపనివాడి శాతం కన్నా తక్కువ కనిపిస్తుంది. మీ వ్యాసం శాతాలు వేసింది గానీ దూరాలు వేయలేదు.

దూరం ఎందుకు చూడాలో రెండు పాత ఆటలు చెబుతాయి. 1991 జనవరి 27న సూపర్ బౌల్‌లో, అంటే ఈ ఆట ఫైనల్లో, బఫెలో బిల్స్ కిక్కర్ స్కాట్ నార్‌వుడ్ 8 సెకన్లు ఉండగా 47 గజాల నుంచి తన్నాడు. బంతి కుడి పక్కకు పోయింది, 20-19తో ఓడిపోయారు. ముప్పై ఏళ్లు దాటినా టీవీలో ఆ తన్నే చూపిస్తారు. గడ్డి మైదానంలో 47 గజాలంటే ఆ రోజుల్లో ఎవరికీ నమ్మకమైన దూరం కాదు. మర్నాడు బఫెలోలో సభ పెడితే జనం అతని పేరే పిలిచి మరీ మాట్లాడించారు, ఊరివాళ్లకు ఆ సంగతి తెలుసు కాబట్టే. గ్యారీ ఆండర్సన్ కథ దీనికి తిరగేసింది. 1998 సీజన్‌లో మిన్నెసోటా తరఫున 35కి 35 కొట్టాడు, ఒక్కటీ తప్పలేదు. 1999 జనవరిలో సూపర్ బౌల్ ముంగిట ఆటలో, గాలి తగలని పైకప్పు కింద, 38 గజాల నుంచి తప్పాడు. అదే ఆటను అదనపు సమయంలో అట్లాంటా కిక్కర్ మోర్టెన్ ఆండర్సన్ గెలిపించాడు. అదీ 38 గజాలే. వీళ్లిద్దరిలో ఉక్కు నరాలు ఎవరివో ఆ ఒక్క సాయంత్రం చూసి చెప్పగలరా?

టార్చి పట్టుకున్న ఆయాలాంటివాడు ఇక్కడ హోల్డర్, మోకాలి మీద కూర్చుని బంతి నిలబెట్టేవాడు. 2016 జనవరిలో మిన్నెసోటాలోనే, సున్నాకు 20 డిగ్రీల దిగువ చలిలో, బ్లెయిర్ వాల్ష్ 27 గజాల నుంచి తప్పాడు. పెళ్లి పందిట్లో కొబ్బరికాయ కొట్టినంత సులువైన దూరం అది. బంతి కుట్లు కిక్కర్ కాలి వైపు కాకుండా అవతలికి ఉండాలి, ఆ రోజు కాలి వైపే ఉన్నాయి. జట్టు 10-9తో ఓడింది. ఆ తొమ్మిది పాయింట్లూ అంతకుముందు మూడు తన్నుల్లో తెచ్చింది వాల్షే. ఇది ఎవరికీ గుర్తుండదు.

అల్లుడు ఊరుకుంటాడా! "మరి వినాటియరీ?" అన్నాడు. ఆడమ్ వినాటియరీ గురించి నాకూ వీడియో చూపించారు. 2002 జనవరిలో మంచు కురుస్తుంటే, కింద నేల కనబడకుండా ఉంటే, 45 గజాల నుంచి కొట్టి ఆట సమం చేశాడు. చూస్తుంటే నాకే ఒళ్లు జలదరించింది. అయితే అదే వినాటియరీ 2003 సీజన్‌లో 34 తన్నితే 25 మాత్రమే పడ్డాయి. ఆ సీజన్ సూపర్ బౌల్ ఇక్కడే హ్యూస్టన్‌లో జరిగింది. ఆ ఆటలోనే 31 గజాలది తప్పింది, 36 గజాలది అవతలివాళ్లు అడ్డుకున్నారు. అయినా 4 సెకన్లు ఉండగా 41 గజాల నుంచి కొట్టి గెలిపించాడు. నాకు నచ్చింది మంచులో కొట్టింది కాదు, ఇది. రెండు పోయాక మూడో దానికి అదే అడుగులతో, అదే తీరులో వచ్చాడే, అది.

తర్వాత మనవడితో ఒక లెక్క వేయించాను. ఈ జట్లన్నీ ఆడే ఎన్‌ఎఫ్‌ఎల్ లీగ్‌లో ఈమధ్య ఫీల్డ్ గోల్స్ నూటికి 85 దాకా పడుతున్నాయి. ఎవరి నరాలూ ఉక్కువి కావు, అందరూ సరిగ్గా 85 శాతం వాళ్లే అనుకుందాం. వరసగా పది కొట్టే అవకాశం ఎంత? వాడు ఫోన్‌లో 0.85ని పదిసార్లు గుణించి, "దాదాపు ఐదింట ఒకటి, అమ్మమ్మా" అన్నాడు. జట్లు 32. అంటే ఏ మహిమా లేకుండానే ఆరుగురు వరసగా పది కొట్టేస్తారు. ఆ ఆరుగురికీ మనం బిరుదులు ఇచ్చేస్తాం. పైగా ఆఖరి నిమిషంలో ఆట తేల్చే తన్నులు ఒక కిక్కర్‌కి ఏడాదిలో మూడో నాలుగో వస్తాయి. మూడు బీపీ రీడింగులు చూసి జీవితాంతం మందు రాసే డాక్టర్ని మనం మెచ్చుకుంటామా?

అలాగని ఒత్తిడి అనేదే లేదనడం లేదు. డల్లాస్ కిక్కర్‌గా ఉన్న బ్రెట్ మేహర్ 2023 జనవరి 16న టాంపాలో వరసగా నాలుగు ఎక్స్‌ట్రా పాయింట్లు తప్పాడు. ఎక్స్‌ట్రా పాయింట్ అంటే జట్టు బంతిని అవతలి గీత దాటించి టచ్‌డౌన్ చేశాక ఇంకో పాయింటు కోసం తన్నేది. 33 గజాలు, అతనికి నిద్రలో కూడా పడేవి. ఐదోది పడింది. జట్టు హాయిగా 31-14తో గెలిచింది, ఆఖరి నిమిషం టెన్షన్ ఏమీ లేదు. అయినా మనిషి బిగుసుకుపోయాడు. కొత్త నర్సులకు మొదటి రెండు పోట్లూ తప్పాక మూడోదానికి చెయ్యి వణకడం ఎన్నిసార్లో చూశాను. ఒత్తిడి మనిషిని పడగొట్టడం కళ్లారా చూశాను గానీ, ఒత్తిడి వల్ల చెయ్యి రోజూ కన్నా బాగా ఆడటం నా సర్వీసులో ఒక్కసారీ చూడలేదు. గొప్పవాళ్లు ఆ రాత్రి కూడా రోజూ చేసినట్టే చేస్తారు, అంతే. వ్యాసం రాసినవారితో నా పేచీ ఇక్కడే.

ఇప్పుడు నేను మనవడి పాత నోట్‌బుక్‌లో కేస్ షీట్‌లా రాసుకుంటున్నాను. ఎన్ని గజాలు, పైకప్పు ఉందా లేదా, గాలి ఎటు, హోల్డర్ బంతి సరిగ్గా నిలబెట్టాడా, ముందు తన్ను పడిందా తప్పిందా, అవతలి కోచ్ కావాలని ఆట కాసేపు ఆపించే టైమవుట్ అడిగాడా. ఈ చివరిది అచ్చం సూది చేతిలో ఉండగా "ఒక్క నిమిషం సిస్టర్" అని వెనక నుంచి పిలవడమే. అల్లుడు నవ్వుతాడు గానీ, మొన్న ఫ్రెండ్స్‌తో వాదన వచ్చినప్పుడు నా నోట్‌బుక్కే అడిగి తీసుకెళ్లాడు.

మీరు ఇకమీదట ఏ కిక్కర్ గురించి రాసినా, "ఉక్కు నరాలు" అన్న చోట ఎన్ని గజాలో, అంత దూరం నుంచి అంతకుముందు ఎన్ని తన్ని ఎన్ని కొట్టాడో ఒక్క లైను వేయండి. చోటు చాలకపోతే ఆ విశేషణాలు తీసేయండి. నరాల మాట మాత్రం మాలాంటివాళ్లకు వదిలేయండి.

ఇట్లు,
ఒక రిటైర్డ్ స్టాఫ్ నర్సు,
నరసరావుపేట (ప్రస్తుతం ఫ్రిస్కో, టెక్సస్)