బడి గేటు దగ్గర పోతున్న చదువు: కర్ణాటక విద్యామంత్రి గారికి బహిరంగ లేఖ

బెంగళూరు,
మే 2025

గౌరవనీయులైన కర్ణాటక పాఠశాల విద్య, సాక్షరతా శాఖ మంత్రివర్యులు శ్రీ మధు బంగారప్ప గారికి నమస్కారాలు.

కె.ఆర్. పురం ప్రాంతంలోని ఒక ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో నా కూతురు చదువుకుంటోంది. ఆ బడి అభివృద్ధి, పర్యవేక్షణ సమితి (ఎస్.డి.ఎం.సి.)లో నేను తల్లిదండ్రుల తరఫు సభ్యుణ్ని. మా బడిలో కన్నడిగుల పిల్లలతో పాటు అనంతపురం, కడప జిల్లాల నుంచి కట్టడం పనులకు వచ్చినవారి పిల్లలు, చింతామణి, బాగేపల్లి వైపు నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడిన తెలుగువారి పిల్లలు, ఉర్దూ మాట్లాడే ఇళ్ల పిల్లలు ఒకే బెంచీ మీద కూర్చుంటారు. ఈ లేఖ కన్నడ ప్రతిని మీ కార్యాలయానికి పంపాను. మా తల్లిదండ్రులలో చాలామంది కూడా చదవాలని తెలుగులోనూ రాస్తున్నాను.

ఈ నెలాఖరుకు బడులు తెరుస్తారు. ఆలోగా మీ దృష్టికి తేవలసిన విషయం ఒకటి ఉంది. విద్యార్థులు తమ మతవిశ్వాసాన్ని దుస్తుల్లో, గుర్తుల్లో ఎంతవరకు కనబరచవచ్చునో తేల్చిచెప్పకుండా ప్రభుత్వం ఉత్తర్వులు ఇచ్చి, వాటి అమలును బడికి వదిలేసిన ప్రతిసారీ ఖర్చు భరిస్తున్నది ప్రభుత్వ బడే. ఏ బడ్జెట్ పద్దులోనూ రాయని ఆ ఖర్చు పాఠాలు జరగని పీరియడ్లలో, టి.సి. తీసుకుని వెళ్లిపోయే పిల్లల్లో, ఏం చేసినా సస్పెన్షన్ వస్తుందేమోనని బెదిరే ఉపాధ్యాయుల్లో కనబడుతుంది.

2022 ఫిబ్రవరి అనుభవం మీకు తెలియనిది కాదు. ఉడుపిలోని ప్రభుత్వ బాలికల పి.యు. (ఇంటర్మీడియట్) కళాశాలలో హిజాబ్ ధరించిన కొందరు అమ్మాయిలను తరగతిలోకి రానివ్వకపోవడంతో 2021 డిసెంబరులో మొదలైన వివాదం, కాషాయ కండువాలతో వచ్చిన విద్యార్థుల ఎదురు నిరసనలతో ఇతర జిల్లాలకు పాకింది. అప్పటి ప్రభుత్వం ఫిబ్రవరి 5న కర్ణాటక విద్యా చట్టం, 1983లోని 133(2) సెక్షన్ కింద, నిర్ణయించిన యూనిఫాం తప్పనిసరి అంటూ ఉత్తర్వు ఇచ్చింది. మూడు రోజులు గడిచేసరికి, ఫిబ్రవరి 8న, రాష్ట్రమంతటా హైస్కూళ్లను, కళాశాలలను మూడు రోజుల పాటు మూసివేస్తున్నట్టు ముఖ్యమంత్రి ప్రకటించవలసి వచ్చింది. కోవిడ్ మూడో అల వల్ల జనవరిలో మూతపడిన బెంగళూరు తరగతులు తిరిగి తెరుచుకుని అప్పటికి పది రోజులైనా కాలేదు. అంతకు ముందు రెండేళ్లు అరకొర ఆన్‌లైన్ పాఠాలతో వెనకబడిన పిల్లలకు మళ్లీ బడి మూతపడడం అంటే ఏమిటో, ఇంట్లో ఒకే ఫోనుతో ముగ్గురు పిల్లలను చదివించిన తల్లులను అడిగితే చెబుతారు.

ఆ ఉత్తర్వులో నన్ను ఇప్పటికీ కలవరపెట్టే భాగం ఒకటి ఉంది. యూనిఫాం నిర్ణయించని పి.యు. కళాశాలల్లో సమానత్వానికి, ఐక్యతకు, శాంతిభద్రతలకు భంగం కలిగించని దుస్తులు వేసుకోవాలని అందులో ఉంది. ఏ దుస్తులు భంగం కలిగిస్తాయో ఎవరు చెప్పాలి? ప్రభుత్వ పి.యు. కళాశాలల్లో యూనిఫాం నిర్ణయించే అభివృద్ధి సమితికి అధ్యక్షులు స్థానిక శాసనసభ్యులు. అంటే పదహారేళ్ల అమ్మాయి తల మీది గుడ్డ గురించి ఒక తాలూకాలో ఒక రకంగా, పక్క తాలూకాలో మరో రకంగా, ఎన్నికలు మారితే ఇంకో రకంగా తీర్మానం రావచ్చు. హైకోర్టు ఫిబ్రవరి 10న ఇచ్చిన మధ్యంతర ఉత్తర్వు యూనిఫాం నిర్ణయించిన సంస్థల విద్యార్థులకే పరిమితం. అయినా కొన్నిచోట్ల ఉపాధ్యాయినులను సైతం గేటు దగ్గర ఆపి, అక్కడే బురఖా తీయించి లోపలికి పంపారు.

తరువాత మార్చి 15న హైకోర్టు ఆ ఉత్తర్వును సమర్థించింది. సుప్రీంకోర్టు పది రోజులు వాదనలు విని అక్టోబరు 13న భిన్నమైన రెండు తీర్పులు ఇచ్చింది. జస్టిస్ హేమంత్ గుప్తా ప్రభుత్వ ఉత్తర్వును సమర్థించగా, జస్టిస్ సుధాంశు ధూలియా దానిని కొట్టివేసి, ఆడపిల్లల చదువే తన మనసులో అన్నింటికన్నా ముందున్న విషయమని రాశారు. విస్తృత ధర్మాసనానికి వెళ్లవలసిన ఆ విషయం ఇంకా తేలలేదు. 2023 డిసెంబరులో ముఖ్యమంత్రి సిద్ధరామయ్య గారు హిజాబ్ నిషేధాన్ని వెనక్కి తీసుకోవాలని చెప్పానని మైసూరు జిల్లాలో ప్రకటించి, మర్నాడే అది పరిశీలనలో ఉందన్నారు. 2022 ఫిబ్రవరిలో పి.యు. రెండో సంవత్సరంలో ఉన్న అమ్మాయి ఈపాటికి డిగ్రీ పూర్తిచేసే వయసుకు వచ్చింది.

ఈ అనిశ్చితి మా వంటి బడిలో ఎలా ఉంటుందో ఒక్క ఉదాహరణ చెబుతాను. కార్తీకమాసంలో మా తొమ్మిదో తరగతి అబ్బాయిలు ఇద్దరు అయ్యప్ప మాల వేసుకున్నారు. తెలుగు ఇళ్లలో ఇది ఏటా జరిగేదే. మండల దీక్ష అంటే నలభై ఒక్క రోజులు నల్లబట్టలు, మెడలో మాల, చెప్పులు లేని కాళ్లు. సరిగ్గా అదే వారంలో ఒక అమ్మాయి తండ్రి, యూనిఫాం దుపట్టానే తల మీద కప్పుకోవడానికి తన కూతురికి అనుమతి ఇవ్వాలని అర్జీ పెట్టుకున్నాడు. ఆ సాయంత్రం ఎస్.డి.ఎం.సి. సమావేశం ఎజెండాలో కాలిపోయిన బోరు మోటారు, ఆడపిల్లల మరుగుదొడ్లకు నీళ్లు, పదో తరగతి లెక్కలకు అతిథి ఉపాధ్యాయుడు ఉన్నాయి. హెడ్మిస్ట్రెస్ గారు వాటిని పక్కన పెట్టి, 2022 ఉత్తర్వు జిరాక్సు ప్రతిని, ఎర్ర సిరాతో గీతలు గీసినదానిని, బల్ల మీద పరిచారు. దుపట్టా కూడదంటే నల్లబట్టలు ఎలా కుదురుతాయని ఒకరు అడిగారు. దీక్ష నెలన్నరే కదా అని మరొకరు అన్నారు. చెవి పోగులు, విభూతి, మెడలోని సిలువ కూడా చర్చలోకి వచ్చాయి. అక్కడే కూర్చుని తాలూకా విద్యాధికారి (బి.ఇ.ఓ.) కార్యాలయానికి ఫోను చేస్తే, స్థానికంగా సర్దుబాటు చేసుకోండన్నారు. కాగితం మీద ఇవ్వమంటే ఇవ్వలేదు. చీకటిపడే వరకు మాట్లాడినా ఏమీ తేలలేదు, మోటారు సంగతి తరువాతి సమావేశానికి వాయిదా పడింది. అబ్బాయిలు దీక్షలో చాలా రోజులు బడికి రాలేదు. అమ్మాయి సంక్రాంతి తరువాత టి.సి. తీసుకుంది.

అయ్యా, ప్రభుత్వ బడిలో ఒక టి.సి. అంటే ఒక్క కుటుంబం నిర్ణయం మాత్రమే కాదు. పిల్లల సంఖ్యను బట్టే మాకు ఉపాధ్యాయ పోస్టులు ఉంటాయి. సంఖ్య తగ్గితే ఉన్నవారిని అదనపు సిబ్బందిగా లెక్కగట్టి వేరే బడికి పంపుతారు. అప్పుడు నష్టపోయేది వెళ్లిపోయిన పిల్ల ఒక్కతే కాదు, మిగిలిన అందరూ. స్తోమతు ఉన్నవారు ప్రైవేటు బడి చూసుకుంటారు. అందులో యాజమాన్యం పద్ధతి నచ్చకపోతే ఇంకో బడికి పోతారు. మా కట్టడం కూలీల పిల్లలకు రెండో దారి లేదు.

ఉపాధ్యాయుల సంగతి ఇంకా బాధాకరం. 2022 మార్చిలో గదగ్‌లో హిజాబ్‌తో ఎస్.ఎస్.ఎల్.సి. (పదో తరగతి) పరీక్ష రాయనిచ్చారని ఏడుగురిని సస్పెండ్ చేశారు. గత నెలలో వృత్తివిద్యా కోర్సుల ప్రవేశ పరీక్ష సి.ఇ.టి. సందర్భంగా బీదర్‌లో ఒక విద్యార్థిని జంధ్యం తీసేస్తేనే లోపలికి పంపుతామని అడ్డుకుంటే, అతను గణితం పరీక్ష రాయకుండానే ఇంటికి వెళ్లాడు. శివమొగ్గలోనూ అదే ఫిర్యాదు వచ్చింది. ఈసారి అడ్డుకున్న సిబ్బంది మీద చర్య తీసుకున్నారు. బీదర్ విద్యార్థికి జరిగింది అన్యాయమే. దానిని సరిదిద్దడానికి ప్రభుత్వం ముందుకు రావడం మంచిదే. కానీ, ఒకసారి అనుమతించినందుకు, మరోసారి అడ్డుకున్నందుకు శిక్ష పడితే, పరీక్ష కేంద్రంలో నిలబడిన ఉద్యోగికి ఏ నియమం దారి చూపుతుంది? రెండు చోట్లా పిల్లల భవిష్యత్తు గేటు దగ్గర ఎవరో అప్పటికప్పుడు తీసుకునే నిర్ణయం మీద వేలాడింది.

మన బంధువులు ఎందరో స్థిరపడిన అమెరికాలోనూ ఈ ఖర్చు తెలిసిందే. టెక్సాస్‌లోని ప్లేనో బడుల్లో 2003లో ఒక చిన్న పిల్లవాడు తరగతి వేడుకలో మతసందేశం ఉన్న పెన్నులు పంచబోతే ప్రిన్సిపాల్ ఆపారు. 2004లో కోర్టుకెక్కిన ఆ తగాదా మీద అప్పీలు కోర్టు పూర్తి ధర్మాసనం తీర్పు 2011లో గానీ రాలేదు. విద్యార్థుల హక్కుకు భంగం కలిగిందని, అయితే అప్పటికి చట్టం స్పష్టంగా లేనందువల్ల ప్రిన్సిపాళ్ల మీద నష్టపరిహారం మోపలేమని ఆ కోర్టు తేల్చింది. వాషింగ్టన్ రాష్ట్రంలోని బ్రెమర్టన్‌లో ఆట ముగిశాక మైదానంలో ప్రార్థన చేసి, దాని మీద బడితో కోర్టుకెక్కింది విద్యార్థి కాదు, ఫుట్‌బాల్ కోచ్. అయినా బడి మీద పడిన భారం తెలుసుకోదగినది. 2022లో సుప్రీంకోర్టులో కోచ్ గెలిచాక, ఆయన లాయర్ల ఫీజు కింద 17,75,000 డాలర్లు చెల్లించడానికి అక్కడి పాఠశాల బోర్డు 2023లో ఒప్పుకుంది. అంత డబ్బు గల దేశంలోనే బడి మీద ఇంత భారం పడితే, మోటారు బాగుచేయించడానికి చందాలు వసూలు చేసే మా బడి ఏ పాటిది?

యూనిఫాంకు నేను వ్యతిరేకిని కాను. విద్యా వికాస పథకం కింద ఇచ్చే ఆ బట్టల వల్లనే కూలివాడి బిడ్డ, దుకాణదారు బిడ్డ పక్కపక్కన తేడా తెలియకుండా కూర్చోగలుగుతున్నారు. యూనిఫాం ఉంచుతూనే పిల్లల విశ్వాసానికి చోటివ్వడం సాధ్యమే. 1985లో కేరళలోని ముగ్గురు పిల్లలు తమ మతవిశ్వాసం వల్ల జాతీయగీతం పాడలేదని బడి నుంచి పంపేస్తే, 1986లో వారిని తిరిగి చేర్చుకోవాలని సుప్రీంకోర్టు తరఫున తీర్పు రాసినది మన తెలుగువారైన జస్టిస్ ఓ. చిన్నపరెడ్డి గారు. పిల్లలు గౌరవంగా లేచి నిలబడ్డారు, అది చాలునన్నారు ఆయన. మన సంప్రదాయం సహనాన్ని నేర్పుతుందని, మన రాజ్యాంగం దానిని ఆచరిస్తుందని, దానిని పలుచబరచవద్దని ఆ తీర్పు చివర రాశారు. బడిలో వ్యవహారం నడపడానికి ఇంతకన్నా మంచి కొలమానం నాకు కనబడదు: పిల్లవాడు బడి పనికి అడ్డు తగులుతున్నాడా, లేక తన మానాన తాను చదువుకుంటున్నాడా?

అందువల్ల మీ శాఖ నుంచి కోరేవి ఇవి. యూనిఫాం రంగులోనే ఉన్న తలగుడ్డ, తలపాగా, జంధ్యం, విభూతి, సిలువ, దీక్షామాల వంటివి తరగతికి అడ్డు కానంతవరకు అన్ని మతాలకూ ఒకే విధంగా అనుమతిస్తూ, రాష్ట్రమంతటికీ వర్తించే ఒక్క నియమాన్ని కన్నడ, ఉర్దూ, తెలుగు, తమిళ భాషల్లో రాసి బడులు తెరిచేలోగా పంపండి. ఈ నిర్ణయాన్ని శాసనసభ్యుల అధ్యక్షతన ఉండే సమితులకు వదలకండి. సందేహం వస్తే ముందు పిల్లను లోపల కూర్చోబెట్టి, తరువాత పై అధికారిని లిఖితపూర్వకంగా అడిగే పద్ధతి పెట్టండి, బి.ఇ.ఓ. జవాబు కూడా కాగితం మీదే రావాలి. సదుద్దేశంతో ఆ నియమాన్ని పాటించిన ఉపాధ్యాయుడిని సస్పెండ్ చేయబోమని అందులోనే రాయండి. పరీక్ష కేంద్రంలో తనిఖీ అవసరమే, కానీ తనిఖీ చేసి లోపలికి పంపాలే తప్ప వెనక్కి పంపే అధికారం గేటు దగ్గర ఎవరికీ ఉండకూడదు; సి.ఇ.టి. విషయంలో ఉన్నత విద్యామంత్రి గారితో మీరు మాట్లాడాలి. విద్యాహక్కు చట్టం ఎనిమిదో తరగతి వరకు పిల్లలను బడి నుంచి తీసివేయడాన్ని, మానసికంగా వేధించడాన్ని నిషేధించింది. ఆ రక్షణను మీ ఉత్తర్వు ద్వారా ద్వితీయ పి.యు. దాకా విస్తరించండి.

చివరిగా, 2022 నుంచి ఈ కారణంగా బడి మానినవారు, టి.సి. తీసుకున్నవారు, పరీక్ష తప్పినవారు ఎందరో తాలూకాల వారీగా లెక్క తీయించి సభ ముందు పెట్టండి. వారిలో తిరిగి చదువుకోదలచిన వారికి వయసు, ఫీజు అడ్డు రాకుండా ఈ విద్యా సంవత్సరంలోనే ప్రవేశం ఇవ్వండి. మా బడి నుంచి వెళ్లిన అమ్మాయి తండ్రితో నేను మాట్లాడాను. కాగితం వస్తే జూన్‌లోనే తిరిగి చేర్చుతానన్నాడు.

ఇట్లు,
ఒక ప్రభుత్వ ఉన్నత పాఠశాల ఎస్.డి.ఎం.సి. సభ్యుడు,
కె.ఆర్. పురం, బెంగళూరు