ఆ తలుపు సంగతి

ఒరేయ్ బావా,

జవాబు ఇంత ఆలస్యమైనందుకు ఏమనుకోకు. ఇక్కడ అందరూ కులాసా. అమ్మకి మోకాళ్ళ నొప్పి తగ్గింది, చెల్లికి సంబంధాలు చూస్తున్నాం, జీడితోట కౌలుకిచ్చేశాం. ఇంక అసలు సంగతికి వస్తా, ఇది నీకు చెప్పేదాకా నాకు నిద్ర పట్టేలా లేదు.

మొన్న కవిటిలో పెద్దమ్మ వాళ్ళింట్లో ఉన్నాను. సాయంత్రం నుంచే ఒకటే ఈదురుగాలి. 2018లో తిత్లీ తుఫాను కళ్ళముందే కొబ్బరిచెట్లు కూల్చేసిన ఊరు కదా, గాలి కాస్త గట్టిగా వీస్తే చాలు, పెద్దవాళ్ళెవరూ పడుకోరు. కరెంటు పోయింది, పిల్లల ఫోన్లలో చార్జింగ్ అయిపోయింది, దెయ్యం కథ చెప్పమని అందరూ నా మీద పడ్డారు.

ఇంగ్లీషు రచయిత జేకబ్స్ 1902లో రాసిన కోతి పంజా కథ ఎత్తుకున్నాను. ఎండిపోయిన పంజా, మూడు కోరికలు తీరుస్తుంది. ముసలి మొగుడూపెళ్ళాలు రెండొందల పౌన్లు కోరుకుంటారు. కొడుకు పనిచేసేచోట యంత్రంలో ఇరుక్కుని చచ్చిపోతాడు, పరిహారంగా వచ్చేదీ సరిగ్గా రెండొందల పౌన్లే. తర్వాత ఆ తల్లి ఉండబట్టలేక, వాడు మళ్ళీ బతికి రావాలని మొగుడి చేత కోరిస్తుంది. రాత్రి తలుపు చప్పుడవుతుంది. ఆవిడ గడియ తియ్యడానికి పెనుగులాడుతుంటే ముసలాయన పంజా వెతికి పట్టుకుని మూడో కోరిక కోరేస్తాడు. తలుపు తెరిస్తే వీధి ఖాళీ. వచ్చినవాడు ఎలా ఉన్నాడో జేకబ్స్ ఎక్కడా చూపించడు!

పిల్లలు ఒకళ్ళ మీద ఒకళ్ళు ముడుచుకుపోయారు, నాకు భలే సంబరంగా ఉంది. అప్పుడు గుమ్మం దగ్గర కూర్చున్న పక్కింటి మామ్మ అంది కదా, "ఆ ముసలాయన తప్పు చేసినాడు బాబూ. నానైతే గడియ తీసేద్దును. ఎలాగొస్తే ఏటి, నా పిల్లడు కదా." ఆవిడ కొడుకు చేపల వేటకెళ్ళి సముద్రంలో పోయాడట, ఒడ్డుకి కొట్టుకు రాలేదు కూడా. నాకా సంగతి తెలీదురా. ఇంకెవ్వరూ మాట్లాడలేదు.

దెయ్యం కథ భయం కోసమే చదువుతామని నువ్వు వాదించేవాడివి, గుర్తుందా? కాదురా. భయం పైపైదే. పోయినవాళ్ళు ఇంకోసారి పలకాలన్న ఆశ లోపలుంది. పిండం పెట్టి కాకి కోసం ఎంతసేపు కళ్ళు కాయలు కాచేలా చూస్తామో ఆలోచించు. పదకొండో శతాబ్దంలోనే సోమదేవుడు కథాసరిత్సాగరంలో రాజు భుజాన ఉన్న శవం చేత కథలు చెప్పించాడంటే ఊరికేనా? అందుకే ఇలాంటివి చిన్నకథలుగానే బాగుంటాయని నా పట్టుదల. నవలైతే తలుపవతల ఎవరున్నారో ఎప్పుడో ఒకప్పుడు చెప్పాల్సిందే. చిన్నకథ తలుపు దగ్గరే ఆగిపోవచ్చు, అవతల ఎవరున్నారో మామ్మకి ఒకలా, పిల్లలకి ఇంకోలా...

ఇంకా బోలెడు రాయాలనుంది, మామ్మ తెల్లవారి నాతో అన్న మాట ఇంకొకటి ఉంది, కానీ సోంపేట బస్సుకి టైమైపోయింది. సిరిమాను పండక్కి విజయనగరం వస్తావు కదా, అప్పుడు చెప్తా. నువ్వైతే ఆ తలుపు తీస్తావా, తియ్యవా? తప్పకుండా రాయి. బస్సు హారన్ కొడుతున్నాడు, ఉంటాను.

నీ
బావ