ఇంజిన్ ఒక్కటే మారిస్తే సరిపోదు

సంపాదకుడు గారికి,

పాత స్పోర్ట్స్ కారులో కొత్త ఇంజిన్ పెట్టడం ఘోరం అన్నట్టు మీ ఆదివారం పేజీలో రాశారు, నేను ఒప్పుకోను. ఎంజీబీ అనే పాత బ్రిటిష్ స్పోర్ట్స్ కారునే తీసుకోండి, 1973లో ఆ కంపెనీయే దాని జీటీ మోడల్‌లో 1.8 లీటర్ల ఇంజిన్ బదులు రోవర్ వాళ్ల 3.5 లీటర్ల వీ8, అంటే ఎనిమిది సిలిండర్ల ఇంజిన్ పెట్టి అమ్మింది, అది అల్యూమినియంది కాబట్టి బరువు కూడా పెద్దగా పెరగలేదు.

అసలు చిక్కంతా ఇంజిన్ వెనకాల ఉంది. కొత్త ఇంజిన్ టార్క్‌ని, అంటే తిప్పే బలాన్ని, పాత గేర్‌బాక్స్, వెనక చక్రాల మధ్య ఉండే డిఫరెన్షియల్ తట్టుకోకపోవచ్చు, ఆ రెంటినీ కలిపే ప్రొపెల్లర్ షాఫ్ట్ పొడవు కుదరకపోవచ్చు, ఈసీయూ (ఇంజిన్‌ని నడిపే చిన్న కంప్యూటర్) ఉన్న ఇంజిన్ అయితే వైరింగ్, పెట్రోల్ పంపు కూడా మార్చాలి. ఇక బ్రేకులు! మా తప్తపాణి ఘాట్ కొండదారి దిగేటప్పుడు పికప్ ఎవరికి కావాలండీ?

మీరు వదిలేసింది ఇంకోటుంది. 2021 నిబంధనల ప్రకారం 50 ఏళ్లు దాటిన బండికి వింటేజ్ కింద 'వీఏ' నంబరు రావాలంటే ఇంజిన్, ఛాసిస్, బాడీ పెద్ద మార్పుల్లేకుండా ఉండాలి. ఇంజిన్ మార్చారా, ఆ ఆశ వదులుకోవాల్సిందే. పైగా బండిలో మార్పుల గురించి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఉంది, ఆర్టీవో అనుమతి లేకుండా చేస్తే తర్వాత ఇన్సూరెన్స్ దగ్గర టెన్షన్.

పాత ఇంజిన్‌ని మాత్రం తుక్కుకి అమ్మకండి బాబూ, ఆయిల్ పట్టించి ఓ మూల పెట్టుకోండి.

– ఓ పాత బళ్ల మెకానిక్, బరంపురం, గంజాం జిల్లా, ఒడిశా