చీటీ లేకుండా పని జరగాలి

సంపాదకుడు గారికి,

మున్సిపల్ ఎన్నికలు వచ్చిన ప్రతిసారీ ఒక మాట వింటాం: "తింటే తిన్నాడు, పని చేసిపెట్టాడు కదా!" ముప్పై ఏళ్లు మున్సిపల్ ఆఫీసులో గుమస్తాగా చేసినవాణ్ని. ఆ మాట చెవిన పడితే, బోస్టన్‌లో మా అమ్మాయి దగ్గరికి వెళ్లినప్పుడు చూసిన రెండు విగ్రహాలు గుర్తొస్తాయి. ఫాన్యుల్ హాల్ దగ్గర చిన్న పార్కులో ఉన్నాయవి. ఒకటి నిలబడి ఉంటుంది, ఒకటి బెంచీ మీద కూర్చుని ఉంటుంది. రెండూ ఒక్క మనిషివే. నాలుగుసార్లు ఆ ఊరి మేయరైన జేమ్స్ మైకేల్ కర్లీ.

1874లో పుట్టాడు. అమ్మానాన్నలు ఐర్లండ్‌లోని గాల్వే నుంచి పొట్ట చేతపట్టుకుని వచ్చినవాళ్లు. తండ్రి తట్ట మోసే కూలీ. కొడుక్కి పదేళ్లప్పుడు పెద్ద రాయి ఎత్తబోయి ప్రాణం పోగొట్టుకున్నాడు. తల్లి ఆఫీసుల్లో నేలలు కడిగి పిల్లల్ని సాకింది. కర్లీ మేయరయ్యాక సిటీ హాలులో మోకాళ్ల మీద కూర్చుని నేల రుద్దే ఆడవాళ్లకు పొడుగాటి మాప్ కర్రలు ఇప్పించాడు. ఆ సంగతి విన్నప్పుడు నా కళ్లు చెమర్చాయి. ఆసుపత్రి పెంచాడు, పేదల కోసం సముద్రం ఒడ్డున స్నానశాల కట్టించాడు. ఇవేవీ కాదనను.

కానీ ఆయన తన పేటలో ఒకతనికి ఉద్యోగం రావాలని అతని బదులు తానే పరీక్ష రాసి 1904లో జైలుకెళ్లాడు. లోపలుండగానే ఆల్డర్మన్‌గా, అంటే నగర పాలక మండలి సభ్యుడిగా గెలిచాడు. 1938లో కోర్టు ఆయన్ని 42 వేల డాలర్లకు పైగా నగరానికి తిరిగి కట్టమంది. 1947లో మేయరుగా ఉంటూనే మోసం కేసులో ఐదు నెలలు జైల్లో ఉన్నాడు.

ఓటేసినవాళ్లు తెలివితక్కువవాళ్లని నేననను. వాళ్లకు హక్కుగా రావాల్సింది ఆ రోజుల్లో ఏ ఆఫీసూ ఇవ్వలేదు, కర్లీ ఇచ్చాడు. ఆ బాధ నాకు తెలుసు. వితంతు పింఛను కోసం ఒకామె మా ఆఫీసుకొచ్చింది. కాగితాలన్నీ సరిగ్గానే ఉన్నాయి. అయినా రెండ్రోజుల కూలి పోగొట్టుకుని కౌన్సిలర్ సిఫార్సు చీటీ కోసం తిరిగి, చెమటకు తడిసిన ఆ ముక్కను నా బల్ల మీద పెట్టింది. చీటీ అక్కర్లేదమ్మా అంటే నమ్మలేదు. ఆమె నమ్మకపోవడంలో మా ఆఫీసు తప్పే ఎక్కువ.

కర్లీ జైల్లో ఉన్నప్పుడు నగరాన్ని నడిపింది సిటీ క్లర్క్ జాన్ హైన్స్. ఆయనా ఐరిష్ వలస కుటుంబం బిడ్డే, ఫైళ్ల మధ్య పెరిగిన ఉద్యోగి. కర్లీ బయటికొచ్చిన రోజునే, ఐదు నెలల్లో జరగనంత పని ఒక్క రోజులో చేశానని చెప్పుకున్నాడు. అది హైన్స్‌కు గుచ్చుకుంది. 1949లో పోటీ చేసి ఆయన్ని ఓడించాడు, 1951లో మళ్లీ ఓడించాడు.

అయ్యా, ఈసారి మున్సిపల్ ఎన్నికల వార్తలకు మీ విలేకరులు వార్డుల్లోకి వెళ్లినప్పుడు ఎవరు గెలుస్తారని అడిగే ముందు ఇది అడగమనండి: మీకు ఎవరి చీటీ లేకుండా ఆఫీసులో ఏ పనైనా జరిగిందా?

— విశ్రాంత మున్సిపల్ ఉద్యోగి,
గుంటూరు జిల్లా