చెరిపేసిన బొమ్మలు, దాచుకున్న గొంతులు

సంపాదకులకు నమస్కారం.

టీవీ సీరియళ్ల గురించి ఏళ్ల తరబడి చర్చించుకునే అభిమానులది పనీపాటా లేని వ్యవహారమని మీ ఆదివారం అనుబంధంలో ఒక వ్యాసకర్త తేల్చేశారు. బ్రిటన్‌లోని కార్డిఫ్‌లో పద్నాలుగేళ్లుగా నర్సుగా పనిచేస్తున్న నాకు ఆ మాట కష్టం కలిగించింది. బీబీసీ వారి సైన్స్ ఫిక్షన్ సీరియల్ ‘డాక్టర్ హూ’ 2005లో మళ్లీ మొదలైంది ఈ ఊళ్లోనే. ఆ అభిమానుల మధ్య కూర్చున్నదాన్ని కనుక రాస్తున్నాను.

ఆ సీరియల్ తొలి ప్రసారం 1963 నవంబర్ 23న. అప్పట్లో వీడియో టేపు ఖరీదైన వస్తువు. నటుల ఒప్పందాల వల్ల పునఃప్రసారాలకూ పరిమితి ఉండేది. దాంతో బీబీసీ పాత టేపులను చెరిపి వాడుకుంది. 2013లో నైజీరియాలోని జోస్‌లో అలా పోయినవాటిలో తొమ్మిది భాగాల ప్రతులు దొరికాయని ప్రకటించినప్పుడు కూడా ఇంకా 97 దొరకాల్సే ఉన్నాయి. అయితే బొమ్మ పోయిన ప్రతి భాగానికీ శబ్దం మిగిలింది. ప్రసారమవుతుండగా ఇళ్లలో టేప్ రికార్డర్లు పెట్టుకున్న అభిమానుల చలవ అది.

మా వీధిలో ఒక పెద్దాయన దగ్గర అలాంటి టేపు ఉంది. 1966 అక్టోబర్ 29, శనివారం. ఆ సీరియల్‌లోని ‘ది టెన్త్ ప్లానెట్’ కథ నాలుగో భాగం. కథానాయకుడైన డాక్టరు కుప్పకూలి రూపం మార్చుకునేది, ఆ పాత్ర నటుడు విలియం హార్ట్‌నెల్ నుంచి పాట్రిక్ ట్రౌటన్‌కు మారేది అందులోనే. అప్పుడు మా వీధి పెద్దాయనకు పన్నెండేళ్లు. టీవీ స్పీకరు ముందు స్టూలు వేసి, దాని మీద మైకు పెట్టి, ఇంట్లో అందరినీ నోరు మెదపవద్దని బతిమాలాడట. నాకు వినిపించారు. డాక్టరు మాటల వెనక గోడగడియారం కొట్టుకుంటోంది. ఒకచోట కుర్చీ జరిగింది. వంటింట్లోంచి తల్లి ఆయన్ని పేరు పెట్టి పిలిచింది. అక్కడ ఆయన కళ్లు తుడుచుకున్నారు.

నెలకోసారి ఈ అభిమానులు కలిసినప్పుడు ఎవరి టేపులో ఏ మాట స్పష్టంగా ఉంది, ఎవరిది వేగం తప్పింది అని గంటల తరబడి వాదించుకుంటారు. ఒక మాట సరిగ్గా వినడం కోసం రాత్రి పదింటిదాకా కూర్చోవడం నేను చూశాను. బయటివాళ్లకు కాలక్షేపంలా కనిపించేది ఇదే. ‘ది టెన్త్ ప్లానెట్’ నాలుగో భాగం బొమ్మ ఈనాటికీ దొరకలేదు. కానీ అభిమానులు దాచిన శబ్దానికి యానిమేషన్ బొమ్మలు జోడించి 2013లో డీవీడీగా తెచ్చారు. టేపులు దాచకపోతే దేనికి జోడించేవారు?

ఆకాశవాణి విజయవాడ కేంద్రం నాటకాలను మా నాన్నగారు క్యాసెట్లలో పట్టుకునేవారు. తెనాలిలో మా ఇంటి అటక మీద రెండు అట్టపెట్టెల నిండా ఉన్నాయి. కొన్నింట్లో అమ్మ కుక్కరు కూత కూడా ఉంది. మొన్న తమ్ముడు ఇల్లు సర్దుతూ వాటిని పారేయమంటావా అని ఫోను చేశాడు. ఒక్కటి కూడా కదపవద్దని చెప్పాను. జూన్‌లో వస్తున్నాను.

— ఒక పాఠకురాలు, కార్డిఫ్