బెల్టు తెగలేదు, నేల రేకు చిరిగింది

సంపాదకులకు నమస్కారం.

పోయిన ఆదివారం మీ జిల్లా పేజీలో వచ్చిన ఒక ఫొటో గురించి ఈ ఉత్తరం రాస్తున్నాను. మన విజయనగరం కుర్రాడొకరు విడిభాగాలు తెప్పించుకుని ఇంటి దగ్గరే బిగించుకున్న కారు అది. ఇద్దరే కూర్చోవచ్చు. పైకప్పు లేదు, తలుపులు లేవు, ముందు రెండు గుండ్రటి దీపాలు. ఎడమవైపు చిన్నపిల్లల సీటు కట్టి ఉంది. అందులో అతని రెండేళ్ల పాప చేతులు ఊపుతోంది. ఆ కుర్రాడి పనితనాన్ని మనసారా మెచ్చుకుంటున్నాను. గొట్టాలు కోసి అతకడం, ఇంజను దించడం, స్టీరింగు సరిచూసుకోవడం ఎంత ఓపికతో కూడిన పనో నాకు తెలుసు. కానీ ఫొటోను రెండోసారి చూసేటప్పటికి నా చూపు కారు మీద నిలవలేదు, పాప సీటును పట్టి ఉంచిన బెల్టు మీదికి పోయింది.

నేను కారు సీట్లు కుట్టేవాడిని. మూడు లాంతర్ల దగ్గర చిన్న కొట్టులో 31 ఏళ్లుగా ఇదే పని. రెగ్జిను, ఫోము, దారం, బెల్టు నా చేతికి బాగా తెలిసిన వస్తువులు. ఫొటోలో నాకు మూడు సంగతులు కనిపించాయి. పందెం కార్లలో వాడే నాలుగు పట్టీల బెల్టును పాప సీటు వీపు చుట్టూ తిప్పి ముందు ముడి వేసినట్టు ఉంది. ఆ సీటు కారు సీటు మీద ఆనకుండా, దాని రెండు అంచుల మీద నిలబడి ఉంది. పాప తల, సీటు వెనకనున్న ఇనుప గొట్టపు కమాను కంటే ఎత్తుగా ఉంది. ఆ రాత్రి నాకు సరిగా నిద్ర పట్టలేదు. ఎందుకో చెప్పాలంటే నా చేతుల మీదుగా జరిగినది ఒకటి చెప్పాలి.

ఎనిమిదేళ్ల కిందట ఒక తండ్రి పాత జీపు తెచ్చాడు. వెనక బల్లలు తీసేయించి, ముందు రెండు సీట్లే ఉంచుకున్నాడు. మూడేళ్ల కొడుకు కోసం కొన్న పిల్లల సీటును ఎడమవైపు కదలకుండా బిగించమన్నాడు. ఆ జీపులో బెల్టులు లేవు. నేను రెండు అంగుళాల వెడల్పు బెల్టు తీసుకుని, నైలాను దారంతో నాలుగు వరసలు కుట్టి, చివరలను నాలుగు మరమేకులతో నేల రేకుకు బిగించాను. కింద రూపాయి బిళ్లంత వాషర్లు వేశాను. చేత్తో లాగి చూస్తే కొండలా ఉంది. డబ్బు తీసుకుని పంపించాను.

నెల తిరక్కుండానే భోగాపురం వెళ్లే దారిలో వాళ్లకు గేదె అడ్డొచ్చింది. తండ్రి బ్రేకు తొక్కాడు. బండి వేగం 40 కిలోమీటర్లు కూడా లేదట. ముందు చక్రం రాతికట్టను గుద్దింది. పిల్లాడు సీటుతో సహా ముందుకు వెళ్లి డ్యాష్‌బోర్డు అంచుకు తగిలాడు. కనుబొమ మీద మూడు కుట్లు పడ్డాయి.

మర్నాడు ఆయన జీపును కొట్టుకు తెచ్చాడు. నేను టార్చిలైటు పట్టుకుని దాని కింద పడుకున్నాను. బెల్టు తెగలేదు. నా కుట్టులో ఒక్క పోగు కూడా లేవలేదు. మరమేకులు వంగలేదు. నాలుగు వాషర్లూ మేకులకు అంటుకునే ఉన్నాయి, వాటి చుట్టూ చిరిగిన రేకు ముక్కలతో సహా. నేల రేకులో నాలుగు కన్నాలు, వాటి అంచులు పైకి లేచి పువ్వు రేకుల్లా విచ్చుకుని ఉన్నాయి. అట్టపెట్టెకు గుచ్చిన మేకును లాగితే ఎలా వస్తుందో అలా వచ్చేశాయి. "మీ తప్పేముంది బాబాయ్, గేదె వచ్చింది" అన్నాడు ఆ తండ్రి. మంచివాడు కాబట్టి అలా అన్నాడు. మన రోడ్డన్నాక గేదె వస్తుంది. బెల్టు కట్టేదే గేదె వచ్చే రోజు కోసం. ఆ నాలుగు వాషర్లు ఇప్పటికీ మా కుట్టుమిషను సొరుగులో ఉన్నాయి.

ఆ తర్వాత నేను పిల్లల సీట్లతో వచ్చే పుస్తకాలన్నీ చదివించుకున్నాను. ఇంజనీరింగు చదివే మా అబ్బాయి పక్కన కూర్చుని లెక్క చేసి చూపించాడు. గంటకు 50 కిలోమీటర్ల వేగంతో వెళ్లే బండి అర మీటరు దూరంలో ఆగిపోతే, 12 కిలోల పాప ఆ క్షణంలో 240 కిలోల దాకా బరువుతో బెల్టును లాగుతుంది. 25 కిలోల బియ్యం బస్తాలు తొమ్మిదో పదో ఒక్కసారిగా ముందుకు దూకడం లాంటిది. చేత్తో లాగి 'కొండలా ఉంది' అనుకున్న నేను ఎంత బలంతో లాగి ఉంటాను? అందుకే అంటున్నాను, సీటు మంచిదా, బెల్టు మంచిదా అని మాత్రమే అడిగితే చాలదు. ఆ బెల్టు చివర దేనికి బిగించారు, దాని వెనక ఏముంది అని అడగాలి.

బయటి దేశాల్లో మోటారు పందేల నియమాల ప్రకారం బెల్టు చివర బిగించే ప్రతిచోటా కనీసం 40 చదరపు సెంటీమీటర్ల వైశాల్యం, 3 మిల్లీమీటర్ల మందం గల ఇనుప ప్లేటు ఉండాలి. నేను వేసిన వాషరు వైశాల్యం 5 చదరపు సెంటీమీటర్లు కూడా లేదు. కారు కంపెనీలు బెల్టుకు వాడే బోల్టు సాధారణంగా 7/16 అంగుళాలది, సన్న మరది. అది బండి అస్థిపంజరానికి, అంటే ఛాసిస్‌కు బిగుస్తుంది, రేకుకు కాదు. ఇంట్లో బిగించుకునే ఇద్దరి కార్లలో గొట్టాల ఛాసిస్ మీద పల్చటి అల్యూమినియం రేకు నేలగా ఉంటుంది, పైన ఫైబరు బాడీ. ఆ రేకు కాళ్లు పెట్టుకోవడానికి, ఆ ఫైబరు గాలి ఆపడానికి. రెండూ బిడ్డను ఆపలేవు. బెల్టు చివర గొట్టానికి అతికిన మందపాటి ఇనుప చెవికే బిగించాలి. ఆ చెవిని కారు తయారుచేసినవాళ్లు బెల్టు కోసమే పెట్టి ఉండాలి. తర్వాత ఎవరో వచ్చి వేసిన వెల్డింగును నమ్మకండి. కొత్త కార్లలో పిల్లల సీటు తగిలించడానికి 28 సెంటీమీటర్ల ఎడంతో రెండు ఇనుప కొక్కేలు వస్తున్నాయి కదా, వాటిని ఐసోఫిక్స్ అంటారు. అలాంటివి సొంతంగా చేయించి అతికించమని నన్ను అడిగినవాళ్లు ఉన్నారు. నేను వెల్డింగు కొట్టుకు పంపలేదు, వెనక్కి పంపేశాను. కొన్ని పిల్లల సీట్లకు ముందు ఒక కాలు ఉంటుంది, అది నేల మీద ఆనాలి. పల్చటి రేకు మీద ఆనిస్తే గుద్దుకున్నప్పుడు రేకును చీల్చుకుని కిందికి దిగిపోతుంది.

ఇక నాలుగు పట్టీల బెల్టు. అది పెద్దవాళ్ల భుజాలను వెనక్కి అదిమి పట్టడానికి చేసినది. బెల్టుతో కట్టే పిల్లల సీట్లు చాలావరకు మామూలు కార్లలో ఉండే మూడు కొసల బెల్టు కోసం తయారవుతాయి. బెల్టు ఏ గాడిలోంచి వెళ్లాలో సీటు పక్కన రంగు గుర్తులు ఉంటాయి. ఆ గాడిలోకి నాలుగు పట్టీల బెల్టు పట్టదు, పట్టించినా బిగుసుకోదు. అందుకే జనం ముళ్లు వేస్తారు. కారులో మూడు కొసల బెల్టు లేకపోతే ఆ కారులో పిల్లల సీటుకు చోటు లేదన్నమాట. బెల్టు ఉన్నా దాని బకిల్ సీటు అంచు మీద అడ్డంగా వచ్చి ఆనితే ఆ సీటు ఆ కారుకు సరిపడదు. బరువు పడినప్పుడు బకిల్ విరగవచ్చు, ఊడనూ వచ్చు.

నా వృత్తికి సంబంధించిన మాట ఇప్పుడు చెబుతాను. తోటి సీట్ల పనివాళ్లు దయచేసి వినండి. ఇలాంటి కార్లలో సీట్లు దొప్పల్లా ఉంటాయి. రెండు పక్కలా అంచులు లేచి మధ్యలో గుంట. పిల్లల సీటు అడుగుభాగం వెడల్పుగా ఉంటుంది కాబట్టి ఆ అంచుల మీద ఎక్కి కూర్చుంటుంది, కింద ఖాళీ. "బాబాయ్, ఆ ఖాళీలో కాస్త ఫోము పెట్టి కుట్టేయండి" అని అడుగుతారు. పది నిమిషాల పని, రెండు వందలు వస్తాయి. చేయకండి. రెండు అంగుళాల ఫోమును బొటనవేలితో నొక్కి చూడండి, అర అంగుళం అవుతుంది. గుద్దుకున్నప్పుడు అది ఒక్కసారిగా అణిగిపోతే బెల్టు అంత మేరా వదులవుతుంది. ఆ వదులు చాలు, పిల్లవాడి తల డ్యాష్‌బోర్డును అందుకోవడానికి. పిల్లల సీటుకు రెగ్జిను తొడుగు కుట్టమంటారు. అదీ వద్దు. పట్టీలు బయటికి వచ్చే కన్నాలు మూసుకుపోతాయి. పైగా మన ఎండల్లో, మే నెల మధ్యాహ్నం పైకప్పు లేని బండిలో రెగ్జిను, ఇనుప బకిల్ పిల్లల తొడల మీద బొబ్బలు లేపుతాయి. తెల్ల నూలు గుడ్డ కప్పి ఉంచి, కూర్చోబెట్టే ముందు తీసేస్తే చాలు.

సీటు బిగించాక బెల్టు వెళ్లే చోట రెండు చేతులతో పట్టుకుని ఊపండి. ఏ పక్కకూ అంగుళానికి మించి కదలకూడదు. బిడ్డ భుజం మీది పట్టీని రెండు వేళ్లతో మడత పెట్టబోతే మడత రాకూడదు. వీపు ముందుకు ఉండేలా కూర్చోబెట్టే చంటిపిల్లల సీటును ఎయిర్‌బ్యాగు పనిచేసే సీటులో ఎట్టి పరిస్థితిలోనూ పెట్టకూడదు. ఇంట్లో చేసిన కార్లలో ఎడమవైపు ఎయిర్‌బ్యాగు ఉండదు గానీ, అదే సీటును రేపు మామూలు కారులోకి మార్చేటప్పుడు ఈ మాట గుర్తుండాలి.

తల సంగతి చూడటానికి నా దగ్గర ఒక చిన్న పద్ధతి ఉంది, మా దారపు ఉండతో. వెనక ఇనుప కమాను పైఅంచు నుంచి ముందు డ్యాష్‌బోర్డు ఎగువ అంచు దాకా దారం బిగించి పట్టుకోండి. బిడ్డను కూర్చోబెట్టండి. నడినెత్తి దారానికి బాగా కిందుగా ఉండాలి. దారం నెత్తికి తగిలిందంటే బండి బోల్తా పడిన రోజు ఆ కమాను బిడ్డను కాపాడదు. పిల్లల సీటు ఎత్తుగా ఉంటుంది కాబట్టి ఈ కార్లలో చాలాసార్లు నెత్తి దారాన్ని దాటిపోతుంది. మీ ఫొటోలో పాప తల దాటింది.

ఇదంతా విని కొందరు తల్లులు "అయితే ఒళ్లో పెట్టుకుంటాం" అంటారు. పైన చెప్పిన 240 కిలోలను ఏ తల్లి చేతులూ పట్టలేవు. ఇద్దరికీ కలిపి ఒకే బెల్టు వేసుకుంటే తల్లి బరువంతా బిడ్డ మీద పడుతుంది. అది ఇంకా ఘోరం.

చట్టం ఏమంటుందో కూడా తెలుసుకోవాలి. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టంలో 194బి సెక్షను కింద, 14 ఏళ్లలోపు పిల్లలను బెల్టు గానీ పిల్లల సీటు గానీ లేకుండా తీసుకెళితే వెయ్యి రూపాయల జరిమానా. వాహనాన్ని కంపెనీ తయారుచేసిన తీరు నుంచి మార్చకూడదని 52వ సెక్షను చెబుతోంది. ఇద్దరి కార్లను విడిభాగాలుగా కొని బిగించుకునే అలవాటు బ్రిటన్‌లో బలపడింది. 1957లో వచ్చిన లోటస్ సెవెన్ అలా ఇళ్లలో తయారైన కారే. అక్కడ అలాంటి ప్రతి కారునూ అధికారులు విడిగా పరీక్షించాకే రోడ్డెక్కనిస్తారు. అక్కడ పిల్లలకు 12 ఏళ్లు నిండే దాకా, లేదా 135 సెంటీమీటర్ల ఎత్తు వచ్చే దాకా పిల్లల సీటు వాడాల్సిందే. మనం కారును చూసి నేర్చుకున్నాం, ఆ పరీక్షను కూడా చూసి నేర్చుకోవాలి. ఆ కుర్రాడి బండి రిజిస్ట్రేషను సంగతి రవాణా శాఖ చూసుకుంటుంది, అది నా పని కాదు. నా బాధ ఆ పాప గురించే.

మీ ద్వారా రెండు మనవులు. ప్రతి జనవరిలో రహదారి భద్రత కార్యక్రమాలు జరుగుతాయి, హెల్మెట్ల ర్యాలీలు తీస్తారు. ఒక్కరోజు పిల్లల సీట్లకు కేటాయించమని రవాణా శాఖ వారిని కోరుతున్నాను. తల్లిదండ్రులు తమ సీటును, బండిని తెచ్చుకుంటే ఎవరైనా తెలిసినవారు బిగించి చూపించాలి. పిలిస్తే నేనూ వస్తాను. అలాగే పిల్లల సీట్లు అమ్మే దుకాణదారులు కొనేముందు ఒకసారి కొనేవారి బండిలో పెట్టి చూసుకోనివ్వాలి. పెట్టె విప్పితే వెనక్కి తీసుకోం అనే మాట చెప్పుల దుకాణంలో కూడా వినం కదా.

ఫొటోలోని తండ్రి ఈ ఉత్తరం చదివితే, బాబూ, కారును ఒకసారి మా కొట్టుకు తీసుకురా. పాపను కూడా తీసుకురా. సోమవారం సెలవు, మిగతా రోజుల్లో ఉదయం తొమ్మిది నుంచి ఉంటాను. డబ్బులేమీ వద్దు. మనిద్దరం దారం పట్టి చూద్దాం, బెల్టు చివరలు ఎక్కడ ఉన్నాయో కిందికి దూరి చూద్దాం. కుదరదని తేలితే పాపను మామూలు కారు వెనక సీటులో సరిగా కట్టి రామతీర్థం తీసుకెళ్లు. ఈ కారును ఇంటి వాకిట్లో నిలిపి ఉంచి అందులో కూర్చోబెట్టి హారను కొట్టుకోనివ్వు. సొరుగులోని వాషర్లు నీకు చూపిస్తాను.

ఇట్లు,
కారు సీట్లు కుట్టే ఒక పాఠకుడు,
విజయనగరం.